నా తల మీద మొక్కు

ఫిబ్రవరి 15, శనివారం

నిన్న సాయంత్రం ఇంటికి తెచ్చారు. విజయనగరం నుంచి రాజాం దాకా కారు ఏ గోతినీ వదల్లేదు. నెమ్మదిగా పొమ్మని డ్రైవరుకి ఈయన ఒక్కసారి కూడా చెప్పలేదు. నేనే చెప్పుకున్నాను.

ఎడమ అండాశయం తీసేశారు. దాన్ని పట్టుకుని బత్తాయంత గడ్డ. గడ్డని పరీక్షకి పంపారు. ఫలితం రావడానికి పది, పన్నెండు రోజులు పడుతుందట. అంతవరకు దాని గురించి ఆలోచించకూడదని నిర్ణయించుకున్నాను.

పొట్ట మీద మూడు చిన్న ప్లాస్టర్లు. బొడ్డు దగ్గర ఒకటి, కింద అటొకటి, ఇటొకటి. అసలు నొప్పి అక్కడ కాదు, కుడి భుజంలో. ఆపరేషన్‌కి పొట్ట ఉబ్బించడానికి గ్యాసు ఎక్కిస్తారట, మిగిలింది పైకి తన్ని భుజం లాగేస్తుందని నర్సు చెప్పింది. ఈయనతో అంటే, "కడుపుకి ఆపరేషనైతే భుజం నొప్పేటి?" అని నవ్వారు.

వంటింట్లో డబ్బాలన్నీ తారుమారు చేశారు. మినప్పప్పు డబ్బాలో సెనగపప్పు ఉంది. ఎవరు చేశారని అడిగితే ఎవరూ చేయలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

దగ్గు వచ్చింది. తలగడ పొట్టకి అదుముకుని దగ్గాను. ఇవాళ్టికి ఇంతే.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఏం తినాలో, ఎంత నడవాలో డాక్టరమ్మ ఒక కాగితం మీద రాసిచ్చింది. నీళ్ళు బాగా తాగాలి, పప్పు, ఆకుకూరలు తినాలి. దాన్ని గోడకి అంటించాను. మధ్యాహ్నం చూస్తే దాని మీద కేలండర్ తగిలించి ఉంది. అత్తయ్య పని.

"పప్పు తింటే సీము పడతాదే."

"అత్తయ్యా, కుట్లు లోపలున్నాయి. పప్పు అక్కడికి వెళ్ళదు."

"ఆ డాక్టరమ్మ ఎన్ని పురుళ్ళు పోసిందో కనుక్కున్నావేటి?"

"నాది పురుడు కాదు."

"కడుపు తెరిసినాక ఏదైనా పురుడే. నోరు మూసుకుని తిను."

కంచంలో సొంఠి పొడి, వెల్లుల్లి కారం, గుక్కెడు నెయ్యి. చెవుల్లో దూది. నీళ్ళు తాగితే పొట్ట సాగిపోతుందట, అన్నంతో పాటు ఒక్క గ్లాసు ఇచ్చి చెంబు తీసుకుపోతారు. బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని తాగుతున్నాను. నలభై ఆరేళ్ళ దాన్ని, నా ఇంట్లో నేను దొంగతనంగా నీళ్ళు తాగుతున్నాను.

కోపం లేదు. ఆవిడకి డెబ్భై ఏళ్ళు. పొద్దున్నే లేచి వంట చేస్తున్నది ఆవిడే.

ఫిబ్రవరి 20, గురువారం

బొబ్బిలి నుంచి మా ఆడపడుచు భాగ్యవతి వచ్చింది. ప్లాస్టర్లు చూపించమంది. చూపించాను.

"ఏటి వదినా, మూడు సిల్లులేనా? మా తోటికోడలికైతే ఇక్కణ్ణుంచి ఇక్కడికి కోసీసినారు." సోఫా మీద చేత్తో కొలిచి చూపించింది. నిజంగా అంతైతే ఆ తోటికోడలు రెండు ముక్కలయ్యుండాలి.

"కోసేస్తే బాగుణ్ణు. వచ్చినవాళ్ళకి చూపించడానికి ఏదో ఒకటి ఉండేది" అన్నాను.

"అదేటి మాట?" అంది. ఎక్కలేదు.

వచ్చిన ప్రతివాళ్ళూ గర్భసంచి తీసేశారా అనే అడుగుతున్నారు. కాదు, అండాశయం, ఒక వైపుది మాత్రమే అని చెబుతున్నాను. తల ఊపి వెళ్ళి, వీధి చివరకి చేరేసరికి మళ్ళీ గర్భసంచి చేసేస్తున్నారు. భాగ్యవతి నా ముందే ఫోన్‌లో ఎవరితోనో అంది, "ఆఁ, సంచీ తీసీసినారు. లేజర్‌తో. బాగానే తిరగతాంది."

ఫిబ్రవరి 22, శనివారం

గిన్నెలు తోమే తవిటమ్మ పెరట్లోంచి కేకేసి అడిగింది. "అమ్మా, ముర్రాటలకి కొత్త బిందె కొంతారా, ఇంట్లోదేనా?"

"ఎవరి ముర్రాటలే?"

"ఓలమ్మ! మీయే గదమ్మా. తొమ్మిది. పెద్దమ్మగోరు మొక్కీసినారట గదా. పేటంతా సెప్పుకుంటన్నారు, నాను మీకు తెల్సుననుకున్నాను."

పేటంతటికీ తెలుసు. నాకు తెలియదు.

ముర్రాట అంటే పూజగదిలో కూర్చుని ఉద్ధరిణెతో నీళ్ళు వదలడం కాదు. నిండు బిందెడు పసుపు నీళ్ళు, మీద వేపకొమ్మ, తలకెత్తుకుని చెప్పుల్లేకుండా అమ్మవారి గుడిదాకా నడిచి గద్దె మీద కుమ్మరించాలి. ఒకటి మోస్తేనే మామూలు రోజుల్లో నాకు మెడ పట్టేస్తుంది. ఇప్పుడు తొమ్మిది.

అత్తయ్యని అడిగాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు, తలెత్తలేదు.

"ఎప్పుడు మొక్కారు?"

"నిన్ను లోపలికి తీసుకుపోయినాక. మద్దెలో డాక్టరమ్మ బయటికొచ్చింది. గడ్డ అనుమానంగా ఉన్నాది, పరీక్షకి పంపుతాం అన్నాది. అప్పుడు."

"మొయ్యాల్సింది ఎవరు?"

"గండం నీదైతే ఇంకెవరు మోస్తారే?"

"నేను మత్తులో ఉన్నాను అత్తయ్యా."

"అమ్మోరు మత్తులో లేదు గదా."

గదిలోకి వచ్చి బీరువాలో చీరలన్నీ తీసి మళ్ళీ మడతపెట్టాను. వంగకూడదన్నారు. పై అర వరకే మడతపెట్టాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఈయన ఫలితం కోసం విజయనగరం వెళ్ళారు. నేను రవ్వ ఏరాను. రవ్వలో ఏరడానికి ఏమీ లేదు. ఫలితం గురించి ఆలోచించలేదు.

ఫోన్ వచ్చింది. "ఏటీ లేదంట ఈశ్వరీ. మామూలు గడ్డేనంట. డాక్టరమ్మ రెండుసార్లు సెప్పింది."

సరే అన్నాను. ఆలోచించనేలేదు కాబట్టి ప్రత్యేకంగా సంతోషించడానికి ఏమీ లేదు. నీళ్ళు తాగడానికి బాత్రూంలోకి వెళ్ళాను. కుళాయి తిప్పి, స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాను. పొట్ట పట్టుకుని ఏడవడం కష్టం, కుట్లు లాగుతాయి.

సాయంత్రానికల్లా ఇంటినిండా జనం. అమ్మోరు వింది, అమ్మోరు కాసింది. లోపల నిలబడి నా కడుపులోంచి దాన్ని తీసిన మనిషి ఒకావిడ ఉంది. ఆవిడ ప్రస్తావన ఒక్కరూ తేలేదు. మా హర్షిత ఒక్కతే హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "డాక్టర్‌కి థాంక్స్ చెప్పావా అమ్మా?" అని అడిగింది.

అమ్మవారి పండగ మార్చి పదకొండున. ముర్రాటలు పోసేది ఆ రోజే.

ఫిబ్రవరి 27, గురువారం

చూపించుకోవడానికి వెళ్ళాం. గాయాలు బాగున్నాయట. "ఆరు వారాల దాకా మూడు కిలోలకి మించి ఎత్తొద్దు. బకెట్టు, బిందె, సిలిండరు, పిల్లల్ని కూడా" అంది డాక్టరమ్మ. ఈయన నా పక్కనే కూర్చున్నారు. తల ఊపారు. చెవులు రెండూ పనిచేస్తున్నాయి.

కారెక్కాక, "సిన్న బిందె దొరుకుతాదేమో సూద్దాంలే" అన్నారు.

మార్చి 2, ఆదివారం

ఈయన భాగ్యవతితో ఫోన్‌లో బేరం. స్పీకరు పెట్టారు, నేనూ వినాలని.

"అది కాదే, సెంబులతో పోయించేద్దాం. తొమ్మిది సెంబులు. లెక్క సరిపోతాది గదా?"

"అన్నయ్యా, అమ్మ నిండు బిందెలని మొక్కింది. సెంబుతో పోస్తే సెంబంతే ఫలితం. రేపు మళ్ళీ గడ్డ వస్తే నన్నడగొద్దు."

ఫోన్ పెట్టాక నా వైపు తిరిగారు. "ఒక్కటి మొయ్యి ఈశ్వరీ. గుడి ఎంత దూరం, వీధి సివర్న. మిగతాయి ఏదో సేద్దాం. పండగ పూట గొడవెందుకు?"

"మీరు మొయ్యండి."

"మగాళ్ళు ముర్రాట ఎత్తరు."

"మగాళ్ళు ఏం ఎత్తుతారు?"

కొట్టుకి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయారు. ఆదివారం మధ్యాహ్నం కొట్టు తెరవరు.

మార్చి 3, సోమవారం

ఈయనతో పొద్దుట్నించీ మాట్లాడలేదు. ఈయన గమనించలేదు.

మార్చి 5, బుధవారం

తవిటమ్మ రాలేదు. వంటింట్లోకి నీళ్ళు కావాల్సొచ్చి బిందె ఎత్తాను.

కాదు. వంటింట్లో కుళాయి బాగానే వస్తోంది. అత్తయ్య పక్కింటికి వెళ్ళిన సమయం చూసి, బిందె సగానికి నింపి ఎత్తాను. నడుం దాకానే. తల దాకా పోలేదు. ఎందుకు ఎత్తానో తెలుసు. రాయను.

బొడ్డు దగ్గర ప్లాస్టరు తడిసింది. తీసి చూస్తే నెత్తురు. ఎక్కువ కాదు, రూపాయి బిళ్ళంత. డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"ఏం ఎత్తారు?"

"నీళ్ళ బిందె."

"బొడ్డు దగ్గర లోపలి కుట్టు తెగిందంటే పేగు బయటికి పొడుచుకొస్తుంది. మళ్ళీ టేబుల్ ఎక్కాలనుందా? ఇంట్లో మనుషులు లేరా?"

ఉన్నారని చెప్పాను.

నెత్తురు ఆగింది. అయినా పడుకున్నప్పుడల్లా చెయ్యి అక్కడికే పోతోంది. ఫలితం ఒకసారి వచ్చాక తిరగబడదు. గడ్డలో ఏమీ లేకపోతే లేనట్టే. నేను బిందె ఎత్తినా ఎత్తకపోయినా అందులో కొత్తగా ఏదీ పుట్టదు. ఈ మాట ఇంతకుముందు రెండుసార్లు రాసి కొట్టేశాను. ఇది మూడోసారి.

మార్చి 7, శుక్రవారం

మొయ్యనని చెప్పేశాను. భోజనాల దగ్గర, అన్నం వడ్డిస్తూ, మజ్జిగ కావాలా అన్నంత మామూలుగా చెప్పాను. నెత్తురు సంగతి కూడా చెప్పాను. ఈయన ముద్ద కలుపుతూనే ఉన్నారు. అత్తయ్య కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

మార్చి 8, శనివారం

అత్తయ్య తినలేదు.

మార్చి 9, ఆదివారం

అత్తయ్య టీ తాగారు. నాకు పప్పు వండి పెట్టారు. అడక్కుండానే. గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడు వీధిలోకి వినబడుంటుంది.

మార్చి 10, సోమవారం

భాగ్యవతి దిగింది. కొత్త ఇత్తడి బిందె తెచ్చింది, ఈ ఊళ్ళో బిందెలు లేనట్టు. హాల్లో పీట వేసి, బిందెకి పసుపు రాసి, బొట్లు పెట్టి, నాకు వినబడేలా ఈయనతో, "కొందరికి పేణం మీద తీపి ఉంటాది గానీ పేణం ఇచ్చినోళ్ళ మీద ఉండదు" అంది.

అత్తయ్య గుమ్మం అవతల కూర్చున్నారు. లోపలికి రాలేదు. బిందె వంక చూస్తున్నారు.

నాకు ఒళ్ళు మండింది. "మొక్కింది అత్తయ్య. గుడి వీధి చివర్న. ఆవిడనే మొయ్యమనండి" అన్నాను.

భాగ్యవతి పసుపు చేతులతోనే లేచి నిలబడింది. "వదినా! అమ్మని పట్టుకుని అదేటి మాట? నాన్న పోయినాక అమ్మ ముర్రాట ఎత్తుతాదేటి? నీకు తెలీదూ?"

తెలుసు. మామయ్య పోయి పన్నెండేళ్ళు. ప్రతి పండక్కీ ఆవిడ అలా గుమ్మం అవతలే కూర్చుంటారు. కానీ నేను అంటున్నప్పుడు ఆ సంగతి మనసులో లేదు.

అత్తయ్యే మాట్లాడారు, గుమ్మం అవతల్నించి, నన్ను కాకుండా గడపని చూస్తూ.

"నా తల పనికిరాదు. నా తలే పనికొస్తే ఆ వరండాలో నా తలే మొక్కీదాన్ని. డాక్టరమ్మ అలగ సెప్పీసి లోపలికెళ్ళిపోయింది. వీడు గోడకానుకుని నిలబడిపోయినాడు, మాట లేదు పలుకు లేదు. నాను ఏటిచ్చీది అమ్మోరికి? నా కాడ ఇంకేటున్నాది? నువ్వే ఉన్నావు ఇయ్యడానికి. నిన్నే ఇచ్చీసినాను."

నాకు జాలి రావాలి. రాలేదు. నన్ను బతికించడానికి నన్నే రాసిచ్చేశారు. ఆవిడ తల పనికిరాదని చెప్పిందెవరు? ఆ చెప్పినవాళ్ళలో ఒక్కరైనా ఆ రోజు ఆ వరండాలో ఆవిడ పక్కన నిలబడ్డారా?

గదిలోకి వచ్చి తలుపేశాను. అన్నానికి పిలిస్తే వెళ్ళలేదు.

మార్చి 11, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. రేపటికి ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు.

పొద్దున్నే డప్పులు మొదలయ్యాయి. పది దాటాక మా గుమ్మం ముందుకొచ్చి ఆగాయి. పేటలో ఆడవాళ్ళు ఎవరి బిందెలతో వాళ్ళు నిలబడ్డారు. మా బిందె అరుగు మీద ఉంది, నిండుగా, వేపకొమ్మతో. నేను స్నానం చేసి, ఆకుపచ్చ చీర కట్టుకుని బయటికొచ్చాను. నన్ను చూసి భాగ్యవతి మొహం వెలిగింది. ఒప్పుకున్నాననుకుంది.

ఈయనతో చెప్పాను. "బిందె ఎత్తి మీ అమ్మ తల మీద పెట్టండి."

"ఏటి నువ్వు... జనం ఏటంటారు?"

"జనం నా కడుపు కుట్టారా?"

డప్పులు కొట్టేవాళ్ళలో ఒకతను నవ్వాడు. ఈయన కదల్లేదు. అత్తయ్య గుమ్మంలోంచే చేతులు ఊపుతున్నారు. "వొద్దే, వొద్దు. పాపం. నాను ముట్టుకోకూడదు."

"మీరు ముట్టుకుంటే పాపం. నా కుట్టు తెగితే పుణ్యమా?"

"ఈశ్వరీ, లోపలికి రా. అందరూ సూస్తన్నారు."

"సరే. మొక్కు తీరాలి, అంతే కదా? నేనే ఎత్తుతాను."

అరుగు దగ్గరికి వెళ్ళాను. బిందె మెడ కింద రెండు చేతులూ వేశాను. ఇది బెదిరింపని ఈయన ఇప్పుడు అంటున్నారు. బెదిరింపు కాదు. ఆ క్షణాన ఎత్తేదాన్నే. తెగితే తెగిందని, అందరి ముందూ తెగాలనే అనుకున్నాను. బిందె అరుగు మీంచి లేచింది కూడా. పొట్టలో సన్నగా లాగింది.

"వొదిలీ!"

అత్తయ్య గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. గుమ్మం దాటి, అరుగు దిగి వచ్చి, నా చేతుల మీద కొట్టారు. నిజంగానే కొట్టారు, చుర్రుమంది. బిందె మళ్ళీ అరుగు మీద కూర్చుంది. ఆవిడ చెంగు చుట్టలా చుట్టి నెత్తిన పెట్టుకున్నారు.

"ఒరే జగన్నాధం! సూస్తావేట్రా? ఎత్తు నా తలకి."

"అమ్మా..."

"ఎత్తరా అంటే!"

ఎత్తారు. నీళ్ళు తొణికాయి. పసుపు నీళ్ళు ఆవిడ నుదుటి మీంచి కళ్ళలోకి కారాయి.

దారి పొడవునా గుసగుసలు. ఒకావిడ తన బిందె పక్కకి జరుపుకుంది, తగులుతుందని. నేను అత్తయ్య పక్కనే నడిచాను, ఉత్త చేతులతో. భాగ్యవతి రాలేదు. గుడి దగ్గర అందరం ఒకేదానికి భయపడుతున్నాం. పూజారి కూర్మయ్య ఏమంటాడోనని. కూర్మయ్య తెల్లారుజామునుంచీ నిలబడి ఉన్నాడు, గొంతు పోయింది. అత్తయ్య వంక చూశాడో లేదో కూడా తెలియదు.

"బేగి పొయ్యండమ్మా, బేగి. ఎనకాల లైనున్నాది."

అంతే. పన్నెండేళ్ళు గుమ్మం అవతల కూర్చున్నది దీనికోసమా అని నాకు అరవాలనిపించింది.

ఆవిడ పోశారు. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చి, "నింపు" అన్నారు. రెండోసారి ఈయన బిందె సగానికే నింపారు. ఆవిడ తల మీద పెట్టించుకోగానే తెలిసిపోయింది. "నిండా నింపరా. ఎవర్ని మోసం సేస్తావు?"

నాలుగోసారికి డప్పులవాళ్ళు వేరే వీధికి వెళ్ళిపోయారు. ఐదోసారికి భాగ్యవతి వచ్చి, "ఇటియ్యమ్మా, ఇది నేను మోస్తాను" అంది. "నువ్వు జరుగు" అన్నారు అత్తయ్య. ఏడోసారి దారిలో కూలబడ్డారు, తవిటమ్మ బిందె పట్టుకుంది. కాసేపాగి మళ్ళీ లేచారు. తొమ్మిదో బిందె కుమ్మరించేసరికి వీధిలో లైట్లు వెలిగాయి.

ఇంటికొచ్చాక భాగ్యవతి తువ్వాలు తెచ్చింది. "మొహం కడుక్కో అమ్మా. నుదుటి మీదంతా పసుపు. ఎవరైనా సూస్తే..."

"సూసినారు గదే అందరూ" అన్నారు అత్తయ్య. తువ్వాలు తీసుకుని కాళ్ళు మాత్రం తుడుచుకున్నారు.

మార్చి 12, బుధవారం

భాగ్యవతి పొద్దున్న బస్సుకే వెళ్ళిపోయింది. ఈయనతో చెప్పింది, నాతో చెప్పలేదు. ఈయన కొట్టుకి వెళ్తూ, "మొత్తానికి అంతా బాగానే అయ్యింది" అన్నారు. ఏది బాగా అయ్యిందని అడిగాను. చెప్పులు వేసుకుంటున్నట్టు తల దించుకున్నారు.

అత్తయ్య లేవలేకపోతున్నారు. మెడ తిరగడం లేదు. తవిటమ్మ చేత నూనె రాయించాను. నేనే పప్పు వండి, పక్కన కూర్చుని తినిపించాను. తింటూనే నాలుగు వంకలు పెట్టారు. ఉప్పెక్కువ, ఇంగువ లేదు, పోపు మాడింది.

తినడం అయ్యాక చెప్పాను. నిన్నటినుంచీ చెప్పాలనుకున్నదే.

"అత్తయ్యా, ఇంకెప్పుడూ నన్నడక్కుండా నా పేరున మొక్కకండి. ఏ దేవుడికైనా సరే."

"మత్తులో ఉన్నదాన్ని ఎలగ అడగమంటావే?"

"నేను లేచేదాకా ఆగాలి."

ఆవిడ మెడ తిప్పలేక, ఒళ్ళంతా నా వైపు తిప్పారు.

"లేవకపోతే?"

కంచం తీసుకుని వచ్చేశాను. కోపం అలాగే ఉంది. కంచం రెండుసార్లు కడిగాను.